వెచ్చని చెయ్యి

డాక్టర్లకు హస్తవాసి ఉంటుందంటారు. మా ఖోంగోర్ లోయలో డాక్టరు లేడు కాబట్టి ఉన్న హస్తవాసి అంతా దగ్వా చేతికే దక్కింది. ఆ చేత్తో ఆయన నలభై ఏళ్లపాటు గొర్రెల్ని చంపాడు.

ఈ మాట ఇలా రాసినందుకు మావాళ్లు నన్ను తిడతారు. మేము చంపడం అనే మాట వాడం. "బయటికి తీయడం" అంటాం. అది కూడా మందకు వినపడేంత దగ్గర్లో అనం. గుర్రం దిగీ దిగకుండానే "రేపు పొద్దున్న ఓసారి మా ఇంటికి రా అన్నా, చిన్న పనుంది" అంటే చాలు, దగ్వాకు సంగతి తెలిసిపోయేది. గొర్రెలకూ తెలిసిపోయేదేమో మరి. కానీ అవి మాకంటే మర్యాద ఎరిగినవి, ఏమీ తెలియనట్టే మేసేవి.

నవంబరులో ఏరు గడ్డకట్టి, ఇక ఎంత ఎండ కాసినా కరగదని తేలాక, మంగోలు దేశంలో ప్రతి గుడారంలోనూ చలికాలపు మాంసం సిద్ధం చేసుకుంటారు. ఇంటికి ఐదారు గొర్రెలు, కలిగినవాళ్లయితే ఓ ఆవు. మళ్లీ పచ్చిక మొలిచేదాకా అదే తిండి. మా నేలలో గడ్డి తప్ప ఇంకేమీ పండదు. గడ్డి మనిషికి అరగదు, గొర్రెకు అరుగుతుంది. గొర్రె మనిషికి అరుగుతుంది. ఇందులో పాపమెంత, అది ఎవరి మెడకు చుట్టుకుంటుంది అని మా తాతల కాలం నుంచీ వాదించుకుంటూనే ఉన్నాం, తింటూనే ఉన్నాం.

దగ్వా పద్ధతి లోయంతటికీ తెలుసు. ముందు పొయ్యి దగ్గర కూర్చుని గిన్నెడు వేడి ఉప్పు టీ అడిగి తీసుకునేవాడు. తాగడానికి కాదు. గిన్నెను కుడిచేత్తో చుట్టి పట్టుకుని, వేళ్లు బాగా వెచ్చబడేదాకా కదలకుండా కూర్చునేవాడు. "చల్లని చెయ్యి లోపలికి పోతే అది ఉలిక్కిపడుతుంది. మన ఉప్పు తిని మన నీళ్లు తాగి పెరిగింది, ఆఖరి నిమిషంలో దాన్ని బెదరగొట్టడమెందుకు" అనేవాడు. తర్వాత గొర్రెను వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము ఎముక కింద చిన్న కోత పెట్టి, చెయ్యి లోపలికి పోనిచ్చి, వెన్నును ఆనుకుని కొట్టుకునే లావుపాటి నరాన్ని రెండు వేళ్లతో తెంపేసేవాడు. అంతే. నెత్తురు చుక్క నేలమీద పడేది కాదు. గొర్రె అరిచేది కాదు. కింద పెట్టిన గిన్నె చల్లారేలోపు పని అయిపోయేది.

ఆయన భార్య నోర్జిన్ ఆ గిన్నె చల్లారేంతసేపూ గుడారం వెనక నిలబడి, కొండవైపు తిరిగి జపమాల తిప్పేది. పెళ్లయిన మొదటి చలికాలం నుంచీ అంతే, ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. పని అయిందని దగ్వా దగ్గగానే జపమాల కోటులో దోపుకుని, చేతులు పైకి మడిచి, పేగులు కడగడానికి వచ్చి కూర్చునేది. మా గొర్రెలకు తోకంతా కొవ్వే. ఆ కొవ్వు తోకలో మెత్తటి ముక్క ఆమెకే కావాలి. దాని దగ్గర మాత్రం కొండవైపు తిరిగేది కాదు.

"నీకు నరకం ఖాయం ముసలాయనా" అనేది, ఆ ముక్క నములుతూ.

"నేనొక్కణ్ణే వెళ్తే అక్కడ నాకు టీ ఎవరు కాచిపెడతారే? నువ్వూ వచ్చెయ్."

"నాకేం పట్టింది? పాపం నువ్వు మొయ్యి, పులుసు నేను తాగుతా."

ఏటా ఇదే మాట, ఏటా ఇదే నవ్వు. వాళ్ల కాపురంలో కొట్లాటలు లేకపోలేదు గానీ, ఈ కొట్లాట లేకపోతే ఇద్దరికీ చలికాలం వచ్చినట్టు ఉండేది కాదు.

నోర్జిన్‌కు ఇంకో అలవాటు ఉంది. తల్లి చచ్చిపోయిన గొర్రెపిల్ల కనిపిస్తే చాలు, కోటులోపల వేసుకుని, మేకపాలు పట్టి పెంచేది. నాలుగేళ్ల కిందట అలా పెంచినదే నల్లకళ్లది. ఒళ్లంతా తెలుపు, కళ్ల చుట్టూ కాటుక పెట్టినట్టు నలుపు. పెరిగి పెద్దదై, విత్తులు కొట్టించాక బండలా బలిసినా తాను గొర్రెనని దానికి తెలియదు. గుడారంలోకి నేరుగా వచ్చేది, పిండి సంచిలో మూతి పెట్టేది, నోర్జిన్ తిడితే తలతో ఆమె మోకాలిని పొడిచేది. మా వాళ్లు గొర్రెలకు పేర్లు పెట్టరు. తినబోయేదానికి పేరెందుకని పెద్దలు అంటారు. నోర్జిన్ మాటకు తిరిగి ఏమన్నా అనే ధైర్యం ఎవరికీ లేదు కాబట్టి ఆ పేరు అలా నిలిచిపోయింది.

కిందటి చలికాలం మూడు రోజులు మంచుగాలి కొట్టింది. మంద సగం మంచులో కూరుకుపోయింది. దగ్వా చేతితొడుగులు తడిసి గడ్డకట్టి పనికిరాకుండా పోతే వాటిని విసిరేసి, ఒట్టి చేతులతో తవ్వి నలభై గొర్రెల్ని లాగాడు. నల్లకళ్లదాన్ని లాగాడు, దాని పక్కనే ఉన్న, పేరులేని తెల్లతల గొర్రెనూ లాగాడు. ప్రాణాలు అన్నిటికీ దక్కాయి. ఆయన కుడిచేతి చూపుడువేలూ నడిమివేలూ మాత్రం నల్లబడ్డాయి. జిల్లా ఆసుపత్రిలో చూసి, కోసేయనక్కర్లేదు, మెల్లగా స్పర్శ వస్తుందన్నారు. రంగు వచ్చింది. స్పర్శ రాలేదు. దగ్వా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, నోర్జిన్‌తో సహా. ఎందుకంటే ఆయన పని మొత్తం ఉన్నది ఆ రెండు వేళ్లలోనే.

ఈ ఏడాది మొదటి పిలుపు పక్క గుడారం గోంబో దగ్గర నుంచి వచ్చింది. గోంబో యాభై ఏళ్ల వాడు, దున్నపోతులాంటి మనిషి, మనసు మాత్రం వెన్న. మాంసం దగ్గర ముందుంటాడు, గొర్రె దగ్గర వెనకుంటాడు. దగ్వా కత్తి తీస్తే ఈయన బీడీ ముట్టించుకుని గుర్రాల దగ్గరికి పోతాడు. పుట్టి బుద్ధెరిగి ఒక్కదాన్నీ తన చేత్తో తీసి ఎరుగడు.

ఆ పొద్దున్న దగ్వా ఎప్పటిలాగే టీ గిన్నె పట్టుకుని కూర్చున్నాడు, ఎప్పటిలాగే గొర్రెను పడుకోబెట్టాడు. చెయ్యి లోపలికి పోయింది. వేళ్లకు ఏమీ తెలియలేదు. గుడ్డివాడు కొత్త ఇంట్లో తడుముకున్నట్టు తడిమాడు. ఏదో పట్టుకుని లాగాడు, అది కాదు. మళ్లీ తడిమాడు. అప్పుడు గొర్రె అరిచింది.

కత్తి కింద పంది అరుస్తుంది, మేక అరుస్తుంది. గొర్రె అరవదు. నలభై ఏళ్లలో దగ్వా చేతికింద ఒక్క గొర్రె అరవలేదు. గుర్రాల దగ్గర గోంబో చేతిలో బీడీ కిందపడింది. చివరికి ఎలాగో పని పూర్తయింది. గోంబో వచ్చి, నేలవైపు చూస్తూ, "పరవాలేదులే అన్నా, చలి ఎక్కువగా ఉంది" అన్నాడు. ఆయన భార్య మాట మార్చి ఏటి మంచు గురించి మాట్లాడింది. మంద దగ్గర ఆ మాట ఎత్తకూడదన్న మర్యాద ఆ రోజు మనుషుల దగ్గర కూడా పనికొచ్చింది. ఆ మర్యాదే దగ్వాను ఎక్కువ కాల్చింది.

ఇంటికొచ్చాక నోర్జిన్ ఆయన వేళ్లు చూసింది. రెండు వేళ్ల మీదా నీటిబొబ్బలు లేచి ఉన్నాయి.

"ఏంటిది?"

"పొయ్యి తగిలింది."

ఆయన కోటుకు చిరుగు పడితే కుడుతూ పక్కన కూర్చుంది. ఆయన అటు తిరిగి ఎడమచేత్తో పొయ్యిలో పిడకలు వేస్తుంటే, సూదితో ఆ నడిమివేలి కొసను గుచ్చింది. ఆయన పిడకలు వేస్తూనే ఉన్నాడు. నోర్జిన్ సూదిని కోటులోకి దింపి, కుట్టు పూర్తిచేసి, దారం పళ్లతో కొరికింది. ఆ సాయంత్రం ఆమె ఎవరినీ తిట్టలేదు. నల్లకళ్లది పిండి సంచిలో మూతిపెట్టినా ఊరుకుంది.

తర్వాత పది రోజులు లోయలో ఒక్క పనీ సాగలేదు. పిలవడానికి వచ్చినవాళ్లకు దగ్వా ఏదో ఒక అడ్డం చెప్పాడు. ఎనిమిదో తిథి మంచిది కాదన్నాడు, పదిహేనో తిథి అసలే కాదన్నాడు, మధ్యలో రోజులకు నడుం నొప్పన్నాడు. ఏడు ఇళ్లవాళ్లు ఎదురుచూస్తున్నారు. ఇంకొకర్ని పిలిస్తే ఆయన నొచ్చుకుంటాడని ఎవరూ పిలవరు, అదో మర్యాద. సొంత ఇంట్లోనూ మాంసం అడుగంటింది. ఈ ఏడాది వంతు నల్లకళ్లదానిది. అంతకంటే బలిసింది మందలో లేదు.

పదకొండో రోజు పొద్దున్న నోర్జిన్ పాలు పితికి వచ్చేసరికి నల్లకళ్లదాని మెడలో నీలం పట్టు పేలిక వేలాడుతోంది. పెట్టెలో అడుగున దాచిన మంచి పట్టు అది. మా దగ్గర ఒక జీవానికి పేలిక కట్టారంటే అది దేవుడిది. దాన్ని కోయకూడదు, అమ్మకూడదు, ముసలిదై తనంతట తాను పోయేదాకా మేపాలి. అయితే దానికి లామా రావాలి, మంత్రం చదవాలి, పాలతో కడగాలి. దగ్వా ఇవేమీ చెయ్యలేదు. తెల్లారకముందే లేచి తానే కట్టేశాడు.

"ఎవరికి మొక్కుకున్నావు?" అంది నోర్జిన్.

"ఇంటి క్షేమానికి."

"లామా ఎప్పుడొచ్చి పోయాడు? నేను నిద్రలో ఉన్నానా?"

దగ్వా పొయ్యి ఊదుతున్నట్టు నటించాడు.

"నీ పెంపుడుది కదే. సంతోషించక ఏడుస్తావేం?"

"సంతోషంగానే ఉంది. పేలిక కట్టింది దాని మీద ప్రేమతోనో, నీ చేతిని దాచుకోడానికో చెప్పు, ఇంకా సంతోషిస్తా." ఆమె పాలబిందె దించింది. "సరే, కట్టిన పేలిక నేను విప్పను. దీన్ని వదిలేశాం. మరి పొయ్యి మీదకి ఏది? తెల్లతలది. అంతేనా? దీన్ని నేను ఒళ్లో పెంచాను కాబట్టి బతికింది. అదేమన్నా ఆకాశం నుంచి ఊడిపడిందా? రెండిటినీ ఒకే గుంటలోంచి తవ్వి లాగావు. నువ్వు దాని లోపల దేవులాడుతుంటే అది అరవాలా, దీనికి పేరుంది దానికి లేదని?"

దగ్వా చేతిలో ఊదుగొట్టం అలాగే ఉండిపోయింది. గోంబో ఇంటి సంగతి ఆమెకు తెలియదనుకున్నాడు. లోయలో మర్యాద ఉంది గానీ, ఆడవాళ్లు ఏటి దగ్గర మంచు కొట్టుకోవడానికి కలుస్తారు కదా.

నోర్జిన్ గోడకు వేలాడుతున్న కత్తి తీసుకుని బయటికి నడిచింది. బండ్ల దారి దాకా పోయి, కత్తిని రెండు చేతులా పట్టుకుని నిలబడింది. మా దేశంలో ఆడవాళ్లు గొర్రెను తీయరు. ఇంట్లో మగదిక్కులేని ఆడది కత్తి పట్టుకుని దారిలో నిలబడితే, అటుగా పోయేవాడు ఎవడైనా సరే దిగి, ఆ పని చేసిపెట్టి పోవాలి. కాదనకూడదు. అందుకని మొగుడున్న ఆడది అలా నిలబడటం మా లోయ ఎన్నడూ చూడలేదు.

అటుగా వచ్చింది గోంబో, మోటారు సైకిలు మీద. దూరం నుంచే చూసి, దగ్గరికొచ్చి బండి ఆపాడు.

"వదినా, అన్నకేమైంది?"

"ఏమీ కాలేదు. టీ తాగుతున్నాడు."

"మరి కత్తి..."

"మనిషున్నాడు, చెయ్యి లేదు. దిగు."

గోంబో దిగలేదు. "వదినా, నావల్ల కాదు. ఈగను కొట్టినా మూడుసార్లు దణ్ణం పెట్టుకునేవాణ్ణి. నీకు తెలుసు."

"కిందటి వారం మా ఇంట్లో ఎన్ని ముక్కలు తిన్నావు?"

"ఎవరు లెక్కపెట్టారు?"

"నేను పెట్టాను. పదకొండు. ఒక్కో ముక్కకీ మూడు దణ్ణాలు పెట్టావా?" అంది. "తింటావు కదా గోంబో. నేనూ తింటాను. తినేవాళ్లం మనమూ ఓ చెయ్యి వెయ్యాలి కదా. దిగు."

ఈలోపు దగ్వా కోటు గుండీలు కూడా పెట్టుకోకుండా పరుగెత్తుకొచ్చాడు. "కత్తి ఇటివ్వు. దారినపోయేవాళ్ల ముందు నా పరువు తీస్తావా."

నోర్జిన్ కత్తిని వెనక్కి పెట్టుకుంది. "వేళ్లు చూపించు వాడికి."

దగ్వా చెయ్యి కోటు మడతలోకి లాక్కున్నాడు.

"వేడి టీ పట్టుకుంటే తోలు కాలి పొంగింది, ఆయనకి తెలియలేదు. సూది గుచ్చాను, తెలియలేదు. ఇంక లోపల ఏది ఎక్కడ కొట్టుకుంటుందో ఎలా తెలుస్తుంది?" ఆమె దగ్వా వైపు తిరిగింది. "నువ్వు సిగ్గుపడుతున్నావు. ఆ సిగ్గుకి నొప్పి గొర్రె పడుతోంది."

గాలి వీస్తోంది. గోంబో తల వంచుకున్నాడు. దగ్వా మెల్లగా అన్నాడు:

"ఈ చెయ్యి కోసమే కదే నన్ను ఇంటింటికీ పిలిచేది. ఇది పోతే నేనేంటి?"

"నేను నిన్ను చేసుకున్నది చెయ్యి చూసి కాదు."

"మరి దేన్ని చూసి?"

"నీ గుర్రాన్ని చూసి."

గోంబోకు నవ్వాగలేదు. దగ్వా కూడా నవ్వబోయాడు, అది నవ్వు కాకుండా ఇంకేదో అయింది. కళ్లు తుడుచుకుని, "దిగరా గోంబో. ముందు టీ తాగు" అన్నాడు. వెంటనే సరిదిద్దుకున్నాడు. "తాగకు. పట్టుకో."

గోంబో పొయ్యి దగ్గర గిన్నె పట్టుకుని కూర్చున్నాడు. దగ్వా ఎడమచేత్తో ఆయన వేళ్లు పట్టి చూసి, "ఇంకా" అన్నాడు. మళ్లీ చూసి "ఇంకాస్త" అన్నాడు. మూడోసారి తల ఊపాడు.

తెల్లతలదాన్ని తీసుకొచ్చి పడుకోబెట్టారు. వెనక కాళ్లు దగ్వా పట్టుకున్నాడు. ముందుకాళ్లు పట్టుకునేవాళ్లు లేరు. నోర్జిన్ అప్పటికే జపమాల తీసి గుడారం వెనక్కి రెండడుగులు వేసింది. ఆగింది. జపమాల కోటులో దోపుకుని వెనక్కి వచ్చి, గొర్రె తల దగ్గర కూర్చుని కాళ్లు పట్టుకుంది. దాని కళ్లలోకి చూడాల్సి వచ్చింది. అవి పచ్చటి కళ్లు, వాటిలో ఆకాశం, ఆకాశంలో ఆమె ముఖం.

"నీకు పేరు పెట్టనందుకు ఏమనుకోకమ్మా" అంది దాని చెవిలో.

"తొందరపడకు" అన్నాడు దగ్వా. "కోత చిన్నది చాలు. ఆ, అంతే. ఇప్పుడు చెయ్యి చదునుగా పోనివ్వు. వెన్ను తగిలేదాకా. తగిలిందా? దాన్ని ఆనుకుని పైకి పో. వెచ్చగా, లావుగా, కొట్టుకుంటూ ఒకటుంటుంది."

గోంబో ముఖం చెమటతో తడిసిపోయింది. "ఉందన్నా. కొట్టుకుంటోంది. అన్నా, ఇది కొట్టుకుంటోంది."

"కొట్టుకుంటుంది రా. బతికున్నది కదా. రెండు వేళ్లు కొక్కెంలా వెయ్యి. లాగితే ఒక్కసారే లాగాలి. జాలిపడి మెల్లగా లాగావంటే అదే పాపం."

గోంబో కళ్లు మూసుకోబోయాడు.

"కళ్లు తెరిచి" అన్నాడు దగ్వా.

తెల్లతలది ఒక్క పొడుగాటి ఊపిరి వదిలింది. అరవలేదు. నోర్జిన్ పట్టులో కాళ్లు బిగిసి, వదులయ్యాయి. కళ్లలో ఆకాశం అలాగే ఉంది, చూపు లేదు. నేలమీద చుక్క నెత్తురు పడలేదు.

గోంబో చెయ్యి దూరంగా చాచిపెట్టుకుని, అది తనది కానట్టు చూస్తూ, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కాసేపటికి ముక్కు తుడుచుకుని అన్నాడు: "అన్నా, ఆ రోజు మా ఇంట్లో పరవాలేదన్నాను. పరవాలేదు కాదన్నా. అది అరిచింది."

"అరిచింది" అన్నాడు దగ్వా. పదకొండు రోజుల తర్వాత ఆ మాట నోట్లోంచి బయటికి వచ్చింది. "అరిచింది రా. నేనే చేశాను."

సాయంత్రానికి గుండెకాయ, కాలేయం, నెత్తురు కూరిన పేగులు ఉడికాయి. గోంబో నాలుగే ముక్కలు తిన్నాడు. ఒక్కో ఎముకనూ కత్తితో గీకి గీకి తెల్లగా చేశాడు.

"ఆ ఎముక వేస్తే మా కుక్క నన్ను తిడుతుంది" అంది నోర్జిన్.

"తిట్టనీ వదినా" అన్నాడు గోంబో. లేస్తూ దగ్వాతో, "రేపు పొద్దున్నే వస్తా. సోద్నోం వాళ్లింటికి పోదాం. నువ్వు బండి మీద వెనక కూర్చో, అక్కడ పక్కనే ఉండి చెబుతూ ఉండు. నువ్వు లేకపోతే నేను కత్తి ముట్టను" అన్నాడు. దగ్వా తల ఊపి, గోడకున్న కత్తి తీసి, పిడివైపు నుంచి ఆయన చేతికిచ్చాడు. మోటారు సైకిలు చప్పుడు ఏటిదాకా వినపడింది.

నల్లకళ్లది పేలిక వేలాడేసుకుని వచ్చి పిండి సంచి వాసన చూసింది. నోర్జిన్ దాన్ని చూడను కూడా చూడలేదు. కొవ్వు తోక ముక్క ఆమె ముందు అలాగే ఉంది.

"తినవేం? నీకోసమే ఉంచాను."

"తింటాను." కానీ తీసుకోలేదు. "ముసలాయనా, నలభై ఏళ్లూ ఆ కళ్లు నువ్వొక్కడివే చూశావా?"

"ఎవరో ఒకరు చూడాలి కదే."

"నన్ను పిలవచ్చు కదా."

"నువ్వు జపం చేస్తున్నావు కదా. అది నాకోసమేనని అనుకునేవాణ్ణి."

నోర్జిన్ ముక్కను రెండుగా కోసి ఒకటి ఆయన ముందు పెట్టింది. ఆయన పాడైపోయిన చేతిని తన ఒళ్లోకి లాక్కుని, ఇంకా మానని బొబ్బలు నొక్కుకోకుండా, ఆ రెండు వేళ్లనూ తన అరచేతుల మధ్య పెట్టుకుంది.

"వెచ్చగా ఉందా?"

దగ్వా ఆమె చేతుల వైపు చూశాడు.

"తెలియట్లేదే" అన్నాడు. "అయినా వదలకు."